ప్రభుత్వం కాపాడిన బ్యాంకు షేరు కొంటే లాభమేనా?

రేణిగుంట రన్నర్ | శుక్రవారం రాత్రి 9.40

అందరికీ నమస్తే. నేను ఖాతా తెరిచిన సబ్‌బ్రోకర్ ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఒక బ్యాంకు షేరు గురించి రెండు రోజులుగా ఊదరగొడుతున్నారు. "మొండి బకాయిలు ఉన్న మాట నిజమే, కానీ గవర్నమెంటు మునగనివ్వదు. సాయం ప్రకటించిన రోజు చూడండి, షేరు ఎక్కడికో పోతుంది" అంటున్నారు. బ్యాంకు పేరు రాయడం లేదు, ఇక్కడి రూల్స్ తెలుసు. బోనస్ డబ్బులు కొంచెం చేతిలో ఉన్నాయి. మా రూమ్మేట్ అప్పుడే పెట్టేశాడు. ప్రభుత్వం బ్యాంకును ఆదుకున్నప్పుడల్లా షేరు పెరిగిందా? పెరిగితే ఎంతకాలం నిలబడింది? తెలిసినవాళ్లు చెప్పండి.

సర్క్యూట్ సుబ్బు | శుక్రవారం రాత్రి 9.52

పెరగకపోవడమేంది తమ్ముడూ! 2017 అక్టోబరు 24 సాయంత్రం అప్పటి ఆర్థిక మంత్రి జైట్లీ గారు ప్రభుత్వ బ్యాంకులకు 2.11 లక్షల కోట్లు అన్నారు. తెల్లారి పంజాబ్ నేషనల్ బ్యాంకు (పీఎన్‌బీ) ఒక్కరోజులో 46 శాతం, ఎస్‌బీఐ 27 శాతం. ఎస్‌బీఐ అంత పెద్ద షేరు ఒక్కరోజులో అట్లా లేవడం నేనెప్పుడూ చూడలేదు. యెస్ బ్యాంకు సంగతి చెప్పనే అక్కర్లేదు. 2020 మార్చి 6న ఆరు రూపాయల లోపు కూడా చూసింది, 18న 80 దాటింది. పన్నెండు రోజులు! వార్త రాకముందు ఉండాలి, వచ్చిన రోజు దిగిపోవాలి. అంతే.

రేణిగుంట రన్నర్ | శుక్రవారం రాత్రి 9.58

అన్నా, అప్పుడు మీరు పట్టుకున్నారా?

సర్క్యూట్ సుబ్బు | శుక్రవారం రాత్రి 10.03

పీఎన్‌బీ పట్టుకున్నా. యెస్ బ్యాంకు చూస్తా కూర్చున్నా, చేయి రాలేదు.

చిత్తూరు బ్యాంకు మాస్టారు | శుక్రవారం రాత్రి 11.15

సుబ్బు చెప్పిన అంకెలు సరైనవే. వాటి పక్కన ఉండాల్సినవి మాత్రం చెప్పలేదు.

ముందు పీఎన్‌బీ. అక్టోబరు 25న 46 శాతం పెరిగింది. 2018 ఫిబ్రవరి 14న ఆ బ్యాంకులో వజ్రాల వ్యాపారి నీరవ్ మోదీ మోసం వ్యవహారం బయటపడింది. మొదట 11 వేల కోట్ల పైచిలుకు అన్నారు, తర్వాత 13 వేల కోట్లు దాటింది. మార్చి వచ్చేసరికి షేరు ఆ ప్రకటనకు ముందు ఉన్న ధర కన్నా కిందికి పోయింది. అంటే ప్రభుత్వ సాయం తెచ్చిన పెరుగుదల మొత్తం అయిదు నెలల్లో ఆవిరి. మోసం బయటపడటం యాదృచ్ఛికం అనుకుందాం. మోసం జరగని ఎస్‌బీఐ కూడా 2020 మే నాటికి 150 దాకా దిగింది. అక్కడ కరోనా కలిసింది. అది కూడా యాదృచ్ఛికమే అంటారా? డబ్బు ఎందుకు ఎక్కించాల్సి వచ్చిందో ఆ కారణం బ్యాంకు లోపల అట్లాగే ఉంటుంది. ప్రకటన రోజున ఆ కారణాన్ని అందరూ మర్చిపోతారు.

ఇక యెస్ బ్యాంకు. 80 రూపాయలు ఎట్లా దాటిందో తెలిస్తే సుబ్బు చేయి రానందుకు బాధపడడు. మార్చి 5న ఆర్‌బీఐ మారటోరియం (డబ్బు తీయడం మీద తాత్కాలిక ఆంక్ష) పెట్టింది, ఖాతాదారుడికి 50 వేలకు మించి ఇవ్వొద్దంది. 13న పునర్నిర్మాణ పథకం నోటిఫై అయింది. అందులో ఒక షరతు: వందకు మించి షేర్లున్న పాత వాటాదారుల షేర్లలో 75 శాతం మూడేళ్లు అమ్మడానికి లేదు. మార్కెట్లో అమ్మకానికి మిగిలింది పిడికెడు. అమ్మేవాళ్లు లేని చోట కొనేవాళ్లు నలుగురు చేరితే ధర ఆకాశానికి పోతుంది. ఎస్‌బీఐకి, ఇతర బ్యాంకులకు షేరు ఇచ్చింది 10 రూపాయలకు. జూలైలో అదే బ్యాంకు 15 వేల కోట్ల ఎఫ్‌పీఓ (జనానికి మరోసారి కొత్త షేర్లు అమ్మే ఇష్యూ) తెచ్చింది, ధర 12. మార్చి 18న 80 పెట్టి కొన్నవాడు నాలుగు నెలల్లో ఏమయ్యాడో మీరే లెక్క వేసుకోండి.

లాక్-ఇన్‌లో ఇరుక్కున్నవాళ్లకు తాళం తీసింది 2023 మార్చి 13న. అప్పుడు షేరు 15 రూపాయలకు అటూ ఇటూ. 2018 ఆగస్టులో అదే షేరు 400.

సర్క్యూట్ సుబ్బు | శుక్రవారం రాత్రి 11.31

సార్, నేను చెప్పింది ట్రేడింగ్. మీరు చెప్పేది పెళ్లి. రెండూ వేరు కదా :)

చిత్తూరు బ్యాంకు మాస్టారు | శుక్రవారం రాత్రి 11.40

ఆ అబ్బాయి అడిగింది "ఎంతకాలం నిలబడింది" అని.

ఎకో వకుళ | శనివారం ఉదయం 7.20

మాస్టారు గారు చెప్పిన షరతుల సంగతే అసలు విషయం అనుకుంటున్నాను. పద్మావతి వర్సిటీలో నేను చదివేది దీనికి దగ్గరి సబ్జెక్టే కాబట్టి కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిక పట్టండి.

"బ్యాంకును కాపాడారు" అనే మాటలో నలుగురు మనుషులున్నారు. డిపాజిట్ వేసినవాళ్లు, బ్యాంకు బాండ్లు కొన్నవాళ్లు, పాత షేర్‌హోల్డర్లు, కొత్తగా డబ్బు తెచ్చినవాళ్లు. ప్రభుత్వాలు ఎప్పుడూ మొదటివాళ్ల కోసమే దిగుతాయి. షేర్‌హోల్డర్ లైన్లో ఆఖరివాడు. ఆయనకు ఏమైనా దక్కితే అది ప్రభుత్వ ఉద్దేశం కాదు, పక్కనున్నవాడి మీద పడ్డ వానలో తడవడమే.

లక్ష్మీ విలాస్ బ్యాంకు చూడండి. తమిళనాడు కరూరులో పుట్టిన బ్యాంకు, మన సరిహద్దు ఊళ్లవాళ్లకు బాగా తెలిసిన పేరు. 2020 నవంబరు 17న మారటోరియం, 25 వేల పరిమితి. పది రోజుల్లో, నవంబరు 27న, సింగపూర్ బ్యాంకుకు చెందిన డీబీఎస్ ఇండియాలో కలిపేశారు. డీబీఎస్ 2,500 కోట్లు తెచ్చింది. డిపాజిటర్లకు పైసా పోలేదు. షేర్‌హోల్డర్లకు? మూలధనం మొత్తం రద్దు. సున్నా. మారటోరియం పెట్టాక వరసగా లోయర్ సర్క్యూట్లు (ఒక్కరోజులో షేరు పడగలిగే ఆఖరి హద్దు), అమ్మాలన్నా కొనేవాడు లేడు. అదే ఏడాది మార్చిలో యెస్ బ్యాంకు వాటాదారులకు ఎంతో కొంత మిగిలింది, నవంబరులో వీళ్లకు ఏమీ మిగలలేదు. ఒకే ఆర్‌బీఐ, ఒకే చట్టం, ఎనిమిది నెలల తేడా.

అంతకుముందు 2004లో మన హైదరాబాద్ గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు కథా అదే. జూలైలో మారటోరియం, ఆగస్టులో ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో విలీనం, వాటాదారులకు ఏమీ ఇవ్వలేదు. తెలుగువాళ్లు ఎంతమంది గర్వంగా కొనుక్కున్న షేరో అది.

పడమటి మండలం రైతు | శనివారం ఉదయం 8.05

నాకు షేర్లు లేవమ్మా, చదవడానికి మాత్రం వస్తుంటా. నువ్వు చెప్పేది వింటే 2025 తోతాపురి మామిడి సీజన్ గుర్తొచ్చింది. కిలోకు 12 రూపాయలు రావాలన్నారు. ఫ్యాక్టరీ 8 ఇవ్వాలి, సర్కారు 4 ఇస్తుంది. సర్కారు 4 వేస్తుందని తెలిశాక కొనేవాడు తన 8లో కోత పెడితే ఆ నాలుగు రైతుకు చేరినట్టా, కొనేవాడికి చేరినట్టా? మా ఊళ్లో సీజనంతా ఇదే గొడవ. పేరు రైతుది, లెక్క ఇంకొకరిది.

ఎకో వకుళ | శనివారం ఉదయం 8.30

పెద్దాయన గారూ, పీహెచ్‌డీ వాళ్లు పేజీలకు పేజీలు రాసిన దాన్ని మూడు వాక్యాల్లో చెప్పేశారు.

అమెరికా 2008లో ఇదే లెక్క వేశారు. పియెట్రో వెరొనేసి, లుయీజీ జింగాలెస్ అనే ఇద్దరు ప్రొఫెసర్లు. అక్టోబరులో పెద్ద బ్యాంకుల్లోకి ప్రభుత్వం డబ్బు ఎక్కించిన ప్రకటన వల్ల వాటి షేర్లు, బాండ్లు కలిపి సుమారు 130 బిలియన్ డాలర్ల విలువ పెరిగిందని, పన్ను కట్టేవాళ్లకు అయిన ఖర్చు 21 నుంచి 44 బిలియన్లని తేల్చారు. మరి ఆ 130లో సింహభాగం ఎవరికి? బాండ్లున్నవాళ్లకు. షేర్‌హోల్డర్లకు మిగిలింది తక్కువ. పైగా బలంగా ఉన్న జేపీ మోర్గాన్‌కు ఈ ప్యాకేజీ నష్టమే తెచ్చిందని, బలహీనంగా ఉన్న సిటీ గ్రూప్‌కు మేలు చేసిందని కూడా వాళ్ల లెక్కలో తేలింది. అందరినీ ఒకే గాటన కట్టి డబ్బిస్తే బాగున్నవాడికి కలిసొచ్చేది ఏముంటుంది?

శ్రీసిటీ షిఫ్టు | శనివారం ఉదయం 10.10

బ్యాంకుల సంగతి సరే. మనలో చాలామందికి ఉన్నవి ఇండెక్స్ ఫండ్ సిప్‌లే. మొత్తం మార్కెట్ మీద బెయిలౌట్ ప్రభావం ఎట్లా ఉంటుంది? అది ఎవరైనా చెప్పండి.

ఎకో వకుళ | శనివారం ఉదయం 10.55

2008 తేదీలు వరసగా పెడతాను.

సెప్టెంబరు 29: బ్యాంకులను ఆదుకునే 700 బిలియన్ డాలర్ల బిల్లును అమెరికా ప్రతినిధుల సభ తిరస్కరించింది. డౌ (అక్కడి షేర్ల సూచీ) 777 పాయింట్లు పడింది. అక్టోబరు 3: అదే బిల్లు పాసై చట్టమైంది. అక్టోబరు 6 నుంచి 10 వరకు: డౌ చరిత్రలోనే అతి దారుణమైన వారం, 18 శాతం నష్టం. అక్టోబరు 13: ఆస్తులు కొనడం కాదు, నేరుగా బ్యాంకుల్లో మూలధనం పెడతారని తెలిసింది. డౌ 936 పాయింట్లు ఎగిరింది.

ఇక్కడితో ఆపితే సుబ్బన్న గెలిచినట్టే. కానీ అక్కడిదే ఇంకో సూచీ ఎస్ అండ్ పీ 500 అడుగుకు చేరింది 2009 మార్చి 9న, 676 దగ్గర. బిల్లు పాసైన రోజు ముగింపు 1,099. అంటే "ప్రభుత్వం కాపాడేసింది" అని ఆ రోజు కొన్నవాళ్లు అయిదు నెలల్లో 38 శాతం పోగొట్టుకున్నారు. అమ్మకుండా కూర్చున్నవాళ్లకు తర్వాత అంతా తిరిగొచ్చింది, అది వేరే సంగతి.

మార్కెట్ నిజంగా నిలదొక్కుకున్నది డబ్బు ఇచ్చినప్పుడు కాదు, లెక్కలు బయటపెట్టినప్పుడు అని నా అభిప్రాయం. 2009 మే 7న 19 పెద్ద బ్యాంకుల స్ట్రెస్ టెస్ట్ (గడ్డుకాలం వస్తే తట్టుకుంటాయా అన్న పరీక్ష) ఫలితాలు ప్రకటించారు. పదింటికి కలిపి 75 బిలియన్లు కావాలన్నారు. ఆ అంకె చిన్నదా పెద్దదా అన్నది కాదు. ఎవరికి ఎంత కావాలో తెలిసిపోయింది. భయం అంకె మీద ఉండదు, అంకె తెలియకపోవడం మీద ఉంటుంది.

సర్క్యూట్ సుబ్బు | శనివారం ఉదయం 11.20

మేడమ్, మార్చి 9కి స్ట్రెస్ టెస్ట్ ఫలితాలు రాలేదు కదా? మార్కెట్ అప్పటికే తిరిగింది. రెండు నెలలు ముందే.

ఎకో వకుళ | శనివారం ఉదయం 11.34

మంచి పాయింటు. టెస్ట్ చేస్తామని ఫిబ్రవరిలోనే చెప్పారు, కాబట్టి మార్కెట్ ముందుగా చూసి ఉండొచ్చు. వడ్డీ రేట్లు అప్పటికి సున్నా దగ్గరున్నాయి, అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడ్ బాండ్లు కొనడం మొదలుపెట్టింది. ఇన్ని కలిసినప్పుడు ఇది బెయిలౌట్ వల్లే వచ్చిన రాబడి అని వేరు చేసి చూపడం నిజంగా కష్టం. అందుకే పరిశోధకులు ప్రకటనకు ముందు వెనక ఒకటి రెండు రోజులనే పట్టుకుంటారు. ఆ పద్ధతిలో స్వల్పకాలం సంగతి బాగా తెలుస్తుంది, దీర్ఘకాలం సంగతి మసకగానే ఉంటుంది.

చిత్తూరు బ్యాంకు మాస్టారు | శనివారం మధ్యాహ్నం 2.45

భోజనం చేసి తీరిగ్గా కూర్చున్నా. వాటా పలచబడటం గురించి ఎవరూ రాయలేదు. అది రాయకుండా ఈ చర్చ ముగియకూడదు.

ఒక బ్యాంకుకు 100 కోట్ల షేర్లు ఉన్నాయనుకోండి. నీ దగ్గర లక్ష. ప్రభుత్వం 3,000 కోట్లు ఇస్తానంది, షేరు 30 రూపాయల చొప్పున. అంటే ఇంకో 100 కోట్ల షేర్లు పుట్టాయి. నీ లక్ష అట్లాగే ఉంది, స్టేట్‌మెంట్‌లో ఏ మార్పూ కనబడదు. కానీ బ్యాంకు లాభంలో నీ వంతు సగమైంది. ఆ 3,000 కోట్లతో బ్యాంకు కొత్త లోన్లు ఇచ్చి సంపాదిస్తే ఫర్వాలేదు. మొండి బకాయిలకు ప్రొవిజన్ చేయడానికే (నష్టం కోసం డబ్బు పక్కన పెట్టడానికే) సరిపోతే? వచ్చిన డబ్బు పాత గుంటలో పడింది, కొత్త షేర్లు మాత్రం నీ పక్కన కూర్చున్నాయి.

2017లో ప్రకటించిన 2.11 లక్షల కోట్లలో 1.35 లక్షల కోట్లు రీక్యాప్ బాండ్లు. ఇదెట్లా నడుస్తుందో బ్రాంచిల్లో పని చేసినవాళ్లకే చాలామందికి తెలియదు. ప్రభుత్వం బాండ్లు జారీ చేస్తుంది, బ్యాంకే ఆ బాండ్లు కొంటుంది, ఆ డబ్బుతో ప్రభుత్వం అదే బ్యాంకు షేర్లు కొంటుంది. నోటు కట్ట బయటికి పోకుండానే బ్యాంకుకు మూలధనం వచ్చేస్తుంది. బడ్జెట్ మీద పడేది ఏటేటా వడ్డీ. 2020 డిసెంబరులో పంజాబ్ అండ్ సింధ్ బ్యాంకుకు 5,500 కోట్లు వడ్డీ కూడా లేని బాండ్ల రూపంలోనే ఎక్కించారు.

ఇట్లా ఎక్కించీ ఎక్కించీ కొన్ని చిన్న ప్రభుత్వ బ్యాంకుల్లో సర్కారు వాటా ఒక దశలో 90 శాతం దాటిపోయింది. ఇండియన్ ఓవర్సీస్ బ్యాంకు, యూకో, పంజాబ్ అండ్ సింధ్, సెంట్రల్ బ్యాంకు. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన ప్రకారం పబ్లిక్ దగ్గర 25 శాతం ఉండాలి. అంటే ఏదో ఒక రోజు ఆ షేర్లు మార్కెట్లోకి రావాలి. వచ్చినప్పుడు ధర మీద బరువు పడుతుంది. ఆ అబ్బాయికి గ్రూపులో టిప్ ఇచ్చినవాళ్లు ఈ మాట చెప్పారా?

రేణిగుంట రన్నర్ | శనివారం మధ్యాహ్నం 3.02

చెప్పలేదు సార్. "టార్గెట్" అని ఒక అంకె, రాకెట్ బొమ్మలు మూడు. అంతే.

కొర్లగుంట కామేశ్వరి | శనివారం సాయంత్రం 5.30

మాది ఆంధ్రా బ్యాంకు కుటుంబం. 2001లో ఇష్యూకు వచ్చినప్పుడు పది రూపాయలకు మా నాన్నగారు తీసుకున్న షేర్లు. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిపినప్పుడు వెయ్యి ఆంధ్రా బ్యాంకు షేర్లకు 325 యూనియన్ బ్యాంకు షేర్లు ఇచ్చారు. డీమ్యాట్‌లో పేరు మారి, వెయ్యి ఉన్న చోట 325 అని కనబడితే అమ్మ చాలా సేపు ఫోన్ చేతిలో పట్టుకునే కూర్చుంది. ఎవరో కాజేశారనుకుంది. పట్టాభి సీతారామయ్య గారు పెట్టిన బ్యాంకు పేరు పోయిందన్న బాధ ఒకటి, ఇది ఇంకొకటి.

అమ్మొద్దని తమ్ముడు ఆపాడు. అప్పుడు పాతిక దగ్గర ఉన్న యూనియన్ బ్యాంకు 2024లో 150 దాటింది. కాబట్టి మాస్టారు గారూ, ఆదుకున్న బ్యాంకు షేరు ఎప్పుడూ నష్టమే అంటే నేను ఒప్పుకోను. ఓపిక ఉన్నవాళ్లకు వచ్చింది.

చిత్తూరు బ్యాంకు మాస్టారు | శనివారం సాయంత్రం 6.15

అమ్మా, ఎప్పుడూ నష్టమే అని నేనూ అనడం లేదు. మీకు వచ్చింది దేనివల్ల అన్నదే ప్రశ్న. 2017-18లో ప్రభుత్వ బ్యాంకులన్నీ కలిపి 85 వేల కోట్ల పైన నష్టం చూపించాయి. 2023-24లో 1.41 లక్షల కోట్ల లాభం, ఆ తర్వాతి ఏడాది 1.78 లక్షల కోట్లు. 2016లో దివాలా చట్టం వచ్చింది, దాచిన మొండి బకాయిలన్నీ ఆర్‌బీఐ ఆస్తుల సమీక్షలో బయటికి వచ్చాయి, ప్రొవిజన్లు పూర్తయ్యాయి, కార్పొరేట్ లోన్లు తగ్గించుకున్నారు. డబ్బు ఎక్కించకపోతే ఇవేవీ జరిగేవి కావు, నిజమే. కానీ 2015లో ఇంద్రధనుష్ పేరుతో నాలుగేళ్లకు 70 వేల కోట్లు అన్నప్పుడు కూడా డబ్బే ఎక్కించారు. అప్పుడు కొన్నవాళ్లకు ఏమీ రాలేదు. లోపల శుభ్రం కాకముందు వచ్చిన డబ్బు వేరు, శుభ్రమయ్యాక వచ్చిన డబ్బు వేరు.

మన జిల్లా లీడ్ బ్యాంకు ఇండియన్ బ్యాంకే చూడండి. 1995-96లో 1,300 కోట్ల పైన నష్టం. అప్పట్లో దేశంలో అంత నష్టం చూపిన బ్యాంకు లేదు. ప్రభుత్వం ఏళ్ల తరబడి మూలధనం ఎక్కించింది. అప్పుడు అది మార్కెట్లోనే లేదు. పూర్తిగా కోలుకున్నాక 2007లో 91 రూపాయలకు ఇష్యూకు వచ్చింది. జబ్బు భారమంతా సర్కారు ఖాతాలో, ఆరోగ్యం వచ్చాకే పబ్లిక్ చేతికి. వాటాదారుడికి అంతకన్నా మంచి ఏర్పాటు ఉండదు.

శ్రీసిటీ షిఫ్టు | శనివారం రాత్రి 8.40

ఒక డౌటు. పెద్ద బ్యాంకులను ఎట్లాగూ కాపాడతారని అందరికీ తెలుసు కదా. ఎస్‌బీఐ, హెచ్‌డీఎఫ్‌సీ, ఐసీఐసీఐ, ఈ మూడింటినీ మునిగితే వ్యవస్థ తట్టుకోలేనివని ఆర్‌బీఐయే లిస్టులో పెట్టింది. మరి ఆ భరోసా షేరు ధరలో ముందే ఉండాలి కదా?

ఎకో వకుళ | శనివారం రాత్రి 9.25

ఈ చర్చలో ఇప్పటిదాకా వచ్చిన అన్నింటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే. అవును, ఉంటుంది. ఉండటం వల్ల రాబడి పెరగదు, తగ్గుతుంది.

1984లో కాంటినెంటల్ ఇల్లినాయ్ అనే పెద్ద బ్యాంకును అమెరికా ప్రభుత్వం స్వాధీనం చేసుకుని కాపాడింది. ఆ తర్వాత ఒక ఉన్నతాధికారి, 11 పెద్ద బ్యాంకులను పడనివ్వలేమని వాళ్ల పార్లమెంటులో చెప్పాడు. మారీన్ ఓహారా, వేన్ షా అనే ఇద్దరు ఆ రోజుల ధరలు చూశారు. లిస్టులో ఉన్నవాటి షేర్లు పెరిగాయి, లేనివాటికి దెబ్బ తగిలింది. భరోసా వచ్చిన ఆ ఒక్క రోజు లాభం, ఒక్కసారే.

ఆ తర్వాత కొన్నవాళ్ల సంగతి ప్రియాంక్ గాంధీ, హన్నో లస్టిగ్ అనే ఆర్థికవేత్తలు తేల్చారు. అమెరికాలో అతిపెద్ద బ్యాంకుల షేర్లు రిస్కును లెక్కలోకి తీసుకున్నాక చిన్న, మధ్యస్థ బ్యాంకుల షేర్ల కన్నా తక్కువ రాబడి ఇచ్చాయి. అప్పు ఎక్కువ మోస్తున్నది పెద్ద బ్యాంకులే అయినా సరే. మహా విపత్తు వస్తే ప్రభుత్వం వీటిని ఆదుకుంటుందన్న నమ్మకం మీద జనం ఎక్కువ ధర పెట్టి కొంటున్నారు. ఎక్కువ పెట్టి కొంటే రాబడి తక్కువే. ఇన్సూరెన్స్ ప్రీమియం కడుతున్నారన్నమాట, రసీదు లేకుండా.

రన్నర్ తమ్ముడూ, నీ టిప్‌కి ఇది నేరుగా వర్తిస్తుంది. "గవర్నమెంటు మునగనివ్వదు" అన్నది నీకు తెలిసిందంటే మార్కెట్‌కూ తెలుసు.

సర్క్యూట్ సుబ్బు | శనివారం రాత్రి 9.50

అన్నీ తెలిసిన మార్కెట్ అయితే పీఎన్‌బీ ఒక్కరోజులో 46 శాతం ఎందుకు పెరిగింది? ముందే పెరిగి ఉండాలి కదా. తెలియనిది ఏదో ఉంటుంది మేడమ్. ఎంత ఇస్తారు, ఎప్పుడు ఇస్తారు. నేను బతికేది ఆ సందులోనే.

ఎకో వకుళ | శనివారం రాత్రి 10.05

ఒప్పుకుంటా. ఆ సందు ఉంది. ఆ సందులో లక్ష్మీ విలాస్ బ్యాంకు వాటాదారులు కూడా ఉన్నారని మాత్రం మర్చిపోవద్దు.

పడమటి మండలం రైతు | ఆదివారం ఉదయం 6.40

నా ఎఫ్‌డీ ఒకటి ఉంది బ్యాంకులో. దానికి ఏమీ కాదు కదా?

చిత్తూరు బ్యాంకు మాస్టారు | ఆదివారం ఉదయం 7.10

ఒక్కో బ్యాంకులో వడ్డీతో కలిపి 5 లక్షల దాకా ఇన్సూరెన్స్ ఉంది, 2020 ఫిబ్రవరి 4 నుంచి. అంతకుముందు లక్షే. సహకార బ్యాంకులకూ వర్తిస్తుంది, సొసైటీలకు వర్తించదు. మీది ఏదో చూసుకోండి. అన్నట్టు, మన టీటీడీ యెస్ బ్యాంకు నుంచి 1,300 కోట్లు నెలల ముందే వెనక్కి తీసుకుందని 2020 మార్చిలో పేపర్లన్నీ రాశాయి. పూరీ జగన్నాథుడి డబ్బు 500 కోట్లకు పైగా అందులోనే ఇరుక్కుని, ఒడిశాలో పెద్ద రగడ అయింది. చివరికి ఆయన డబ్బూ భద్రంగానే వచ్చింది. డిపాజిటర్ దేవుడైనా మనిషైనా ముందు వరస.

ఏటీ1 బాండ్లు (బ్యాంకు కష్టాల్లో పడితే రద్దు చేయగలిగేవి) మాత్రం డిపాజిట్ కాదు. యెస్ బ్యాంకువి 8,415 కోట్ల విలువైనవి ఒక్క సంతకంతో రద్దయ్యాయి. వాటిని "సూపర్ ఎఫ్‌డీ" అని మామూలు ఖాతాదారులకు అమ్మారని సెబీ 2021లో ఉత్తర్వు ఇచ్చింది. రద్దు చెల్లదని 2023 జనవరిలో బాంబే హైకోర్టు అంది, వ్యవహారం సుప్రీంకోర్టుకు పోయింది. ఆ ఏడాదే మార్చిలో స్విట్జర్లాండ్‌లో క్రెడిట్ స్విస్‌ను యూబీఎస్ కొన్నప్పుడు 16 బిలియన్ ఫ్రాంకుల ఏటీ1 బాండ్లు సున్నా చేసి, షేర్‌హోల్డర్లకు మాత్రం షేరుకు 0.76 ఫ్రాంకు విలువ ఇచ్చారు. వరస తారుమారు. అందుకే వరస కూడా రాసిపెట్టిన రాత కాదని గుర్తుంచుకోవాలి.

శ్రీసిటీ షిఫ్టు | ఆదివారం ఉదయం 9.30

ఐర్లాండ్ కూడా చేర్చండి. 2008 సెప్టెంబరు 30న బ్యాంకుల అప్పులన్నిటికీ ప్రభుత్వమే హామీ అంది. ఆ రోజు బ్యాంకు షేర్లు ఎగిరాయి. 2009 జనవరిలో ఆంగ్లో ఐరిష్ బ్యాంకును జాతీయం చేశారు, వాటాదారుల పని అయిపోయింది. మొత్తం బిల్లు 64 బిలియన్ యూరోలు. చివరికి 2010 నవంబరులో దేశమే ఐఎంఎఫ్ దగ్గరికి పోయింది. కాపాడేవాడి జేబు చూడకుండా భరోసా నమ్మితే ఇంతే.

ఎకో వకుళ | ఆదివారం ఉదయం 10.15

కాపాడేవాడు ఏ షరతు మీద ఇస్తున్నాడన్నదీ చూడాలి. 2008లో గోల్డ్‌మన్ శాక్స్‌కు వారెన్ బఫెట్ 5 బిలియన్లు ఇచ్చి 10 శాతం డివిడెండ్ రాయించుకున్నాడు. మూడు వారాల తర్వాత అమెరికా ప్రభుత్వం అదే బ్యాంకుకు 5 శాతానికి ఇచ్చింది. అంత మెత్తగా ఇస్తే వాటాదారుడికి పండగ. ఏఐజీ అనే బీమా కంపెనీని ఆదుకున్నప్పుడు మాత్రం 79.9 శాతం వాటా లాక్కుంది. ప్రభుత్వానికి చివరికి 22.7 బిలియన్ల లాభం వచ్చింది, పాత వాటాదారులు 20 షేర్లకు ఒకటి అన్న లెక్కలో మిగిలారు. బ్రిటన్‌లో ఆర్‌బీఎస్ బ్యాంకు అయితే ఎవరికీ కలిసిరాలేదు. ప్రభుత్వం 45.5 బిలియన్ పౌండ్లు పెట్టి, 2025 మేలో ఆఖరి షేరు అమ్ముకుని, 10 బిలియన్ల దాకా పోగొట్టుకుంది.

రేణిగుంట రన్నర్ | ఆదివారం మధ్యాహ్నం 12.20

అందరికీ థాంక్స్. ఒక్కటి అడుగుతా. పాత వాటాదారు నష్టపోతాడు సరే. కాపాడేవాడి పక్కన, కాపాడే ధరకే కొంటే? యెస్ బ్యాంకులో ఎస్‌బీఐ 10కి కొంది కదా, అదే ధర మనకు దొరికితే?

చిత్తూరు బ్యాంకు మాస్టారు | ఆదివారం మధ్యాహ్నం 1.05

లెక్క వేద్దాం. 2020 మార్చిలో ఎస్‌బీఐ 6,050 కోట్లు పెట్టింది, షేరు 10. 2025 సెప్టెంబరులో జపాన్ సుమిటోమో మిట్సుయి బ్యాంకుకు 13 శాతం పైన వాటా షేరు 21.50 చొప్పున అమ్మింది, 8,889 కోట్లు చేతికొచ్చాయి. అమ్మింది తన వాటాలో కొంతే కాబట్టి షేరు ధరే చూడండి, అయిదున్నరేళ్లలో రెట్టింపు పైన. చక్రవడ్డీ లెక్కన ఏడాదికి 15 శాతం.

ఇప్పుడు పథకం నోటిఫై అయిన అదే రోజు, 2020 మార్చి 13న, నిఫ్టీ 9,955 దగ్గర ముగిసింది. 2025 సెప్టెంబరు మధ్యలో 25,000 పైన. రెండున్నర రెట్లు, డివిడెండ్లు కాక. దేశంలో అతిపెద్ద బ్యాంకు, తన షరతు మీద, తనకు నచ్చిన ధరకు, బోర్డులో కుర్చీ వేసుకుని కూర్చుని సంపాదించిన దాని కన్నా ఏమీ చేయకుండా ఇండెక్స్ ఫండ్‌లో పడేసినవాడికే ఎక్కువ వచ్చింది.

సర్క్యూట్ సుబ్బు | ఆదివారం మధ్యాహ్నం 1.12

ఆ అంకె మాత్రం నేను ఎప్పుడూ చూడలేదు సార్.

రేణిగుంట రన్నర్ | ఆదివారం మధ్యాహ్నం 1.30

రూమ్మేట్‌కి ఈ లింకు పంపించా. "సోమవారం ఓపెనింగ్ చూసి చెప్తా" అన్నాడు. నేనైతే గ్రూపులో ఒక ప్రశ్న పెట్టా: సాయం ఇస్తే కొత్త షేర్లు ఏ ధరకు ఇస్తారు, ఎన్ని ఇస్తారు అని. అడ్మిన్ చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు.

మోడరేటర్ | ఆదివారం మధ్యాహ్నం 2.00

ఇద్దరు ముగ్గురు సభ్యులు ఆ బ్యాంకు పేరు ఊహించి రాశారు, ఆ పోస్టులు తీసేశాం. రీక్యాప్ బాండ్ల మీద అడగాల్సినవి ఉంటే వేరే థ్రెడ్ పెట్టండి, మాస్టారు గారు అక్కడికి వస్తానన్నారు.